రోజుకు ఆరు పద్యాలు

ఆయనకు పోయినవి ముందు రాస్తాను. బరువు పద్నాలుగు కిలోలు. రేడియేషన్ కరెంటు పెట్టే ముందు పీకేసిన పళ్ళు ఆరు. ఒప్పుకుని ఆడలేకపోయిన నాటకాలు తొమ్మిది. స్వరపేటిక ఒకటి. పద్యాలు పదిహేడు. మొదటి నాలుగూ క్యాన్సర్ పట్టుకెళ్ళింది. ఆఖరిది వేరే లెక్క.

ఆయన మా జిల్లాలో పేరున్న పద్యనాటక నటుడు. ఏలూరులో పోస్టరు మీద ఆయన కిరీటం కనిపిస్తే కొల్లేటి లంకల నుంచి కూడా జనం ఆటోలు కట్టించుకుని వచ్చేవారు. నేను చేపల చెరువుల లెక్క చెప్పేవాణ్ణి. వలలో పడినవాటిని తూచి, చెరువులో ఎన్ని టన్నులున్నాయో చెప్తాను. ఎవరూ నేర్పలేదు, గట్ల మీద తిరిగి నేర్చుకున్నాను.

గొంతులో క్యాన్సర్ అని, ఇరవై మూడో రోజున ఆపరేషన్ అని తేలాక ఆయన, తన నాటకం ఒక్కటీ వదలని నన్ను తాడేపల్లిగూడెంలోని తమ ఇంటికి పిలిపించారు. గురువుగారి నోట విని నేర్చుకున్న పద్యాలు నూట ముప్పై రెండు. ఏ పుస్తకంలోనూ లేవు. అన్నీ ఫోనులో ఎక్కించాలి. రోజుకు అరగంట మించి గొంతు వాడొద్దని డాక్టరుగారి మాట. రాగం తీసి పాడితే పద్యానికి అయిదు నిమిషాలు.

“రోజుకు ఆరండి. ఇరవై రెండు రోజులకి సరిగ్గా సరిపోతాయి,” అన్నాను.

“చేపల్ని లెక్కెట్టినట్టు లెక్కెట్టేశారే!” అని నవ్వారు.

ఒకటి మరిచిపోయాను. పద్యం బాగుంటే మావైపు జనం “వన్స్ మోర్” అని అరుస్తారు. అరిచాక నటుడు మళ్ళీ పాడి తీరాలి. పలకరించడానికి వచ్చినవాళ్ళు మొదటి రెండు రోజుల్లోనే ఆరుసార్లు అడిగారు. ఆరుసార్లూ పాడారు. మూడో రోజు నుంచి నేను గదిలోకి ఎవరినీ రానివ్వలేదు.

అయిదో రోజు ఒక పద్యం చివర ఆయన గొంతు సన్నగా పైకి వెళ్ళి అక్కడే నిలబడింది. “వన్స్ మోర్!” అన్నాను.

ఆయన భార్య వంటింట్లోంచి గరిటెతో వచ్చారు. “అయ్యో, మీరు కూడానా? లెక్క కట్టిందీ మీరే, చెడగొట్టేదీ మీరేనా? ఫోనులో ఎక్కిందిగా, ఎన్నిసార్లయినా వినండి!”

“అడిగాక పాడకపోతే ఎలాగే? ఊరుకో,” అని ఆయన మళ్ళీ అందుకున్నారు.

ఆ రోజు కొత్తవి అయిదే. ఏడోసారి గొంతెత్తబోతే ఆవిడ ఫోను లాక్కున్నారు. ఇంకెప్పుడూ అననని ఒట్టు పెట్టుకుని ఇంటికి వెళ్ళాను. మర్నాడు మళ్ళీ అన్నాను. అవతల రోజులు తరుగుతున్నాయని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఎదురుగా ఆ గొంతు ఇంకా ఉంది. అదే నన్ను కూర్చోనివ్వలేదు.

ఆపరేషన్ నాటికి ఫోనులో నూట పదిహేను పద్యాలున్నాయి.

ఇప్పుడు ఆయన పలక మీద రాసి మాట్లాడతారు. మిగిలిన పదిహేడింటి మాటలు నోటుబుక్కులో రాసిచ్చారు. పాడే వరస రాయడం ఎలాగో ఆయనకూ తెలియదు. మొన్న వెళితే పలక నా వైపు తిప్పారు: “అడగరేం, వన్స్ మోర్?” నవ్వుతూనే రాశారు. నేను నవ్వలేక లేచి బయట తిరిగొచ్చాను.

పెదపాడు గట్ల మీద నడుస్తున్నా ఈ తీసివేత ఆగదు. పదిహేడులో వచ్చినవాళ్ళు అడిగినవి ఆరు. నేను అడిగినవి పదకొండు.