పెద్దమ్మ బోణీ పాట

మా పెద్దమ్మ దర్జీ. కొత్త గుడ్డ ఎవరిదైనా, ఎంత ఖరీదైనదైనా, ముందు బకెట్లో తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టుకుంటుంది. తొందరపెట్టేవాళ్ళకు ఆవిడ దగ్గర ఒకటే జవాబు: "తడపకుండా కుడితే మొదటి ఉతుక్కే పొట్టిదవుతుంది. నువ్వు నన్ను తిట్టుకుంటావు. అంత తొందరైతే రెడీమేడ్ కొనుక్కో తల్లీ."

పెదనాన్న సిటీ బస్సులో కండక్టరు. రోజంతా అరిచి అరిచి, ఇల్లు చేరేసరికి నోటికి తాళం వేసేస్తాడు. ఆవిడ పది మాటలంటే ఈయన ఒక "ఊఁ" అంటాడు. అది కూడా జీతంలో కోత పడుతుందేమో అన్నట్టు అంటాడు. అలాంటి మనిషి ఒక ఆదివారం ఆవిడ కుట్టుమిషనుకు నూనె వేస్తూ, ఏం బుద్ధి పుట్టిందో ఏమో, తన రూటులోని స్టాపులన్నీ కలిపి పాట కట్టి పాడేశాడు.

"పాత వంతెన దిగేవాళ్ళు ముందు గేటుకి రండి,
పిల్లల ఆసుపత్రి దాటితే పూల కొట్టు ఉందండి,
గుండీల కొట్టు దగ్గర ఒకరు దిగాలి, ఆపండి,
మూట బరువు, మెల్లగా, తొందరేం లేదు, దిగండి."

ఆ ఒకరు మా పెద్దమ్మే. పెళ్ళికి ముందు కుట్టుబట్టల మూట పట్టుకుని ఆ బస్సులోనే తిరిగేది. పాట మొదలవగానే చప్పుడు చేయకుండా ఫోన్ తీసి వీడియో తీసేసింది. అప్పటి నుంచి అదే ఆవిడ బోణీ. పొద్దున మిషను ముందు కూర్చుని, ఆ వీడియో చూసి, ముసిముసిగా నవ్వుకుని, అప్పుడు సూదికి దారం ఎక్కించేది. "ఇంకోసారి పాడండీ" అని ఎన్నిసార్లు అడిగినా పెదనాన్న మాత్రం "ఫోన్లో ఉందిగా, చూసుకో" అనేవాడు.

ఆ ఫోన్ ముసలిదైపోయింది. వాళ్ళింట్లోనే ఉండి ఉద్యోగం చేసుకుంటున్న నేను ఆవిడకు కొత్త స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాను. పాత ఫోన్లో పాట వీడియో, గిరాకీల కొలతల ఫొటోలు అన్నీ ఉన్న మెమరీ కార్డు తీసి అందులో పెట్టి, మరీ మరీ చెప్పాను.

"పెద్దమ్మా, కార్డు సంగతి ఏదో అడుగుతుంది. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా ఏమీ నొక్కకు."

నేను వచ్చేసరికి ఆవిడ చిద్విలాసంగా కూర్చుని ఉంది.

"అడిగిందే. కార్డుని ఈ ఫోన్లో కలుపుకోవాలంటే ఫార్మాట్ చెయ్యాలంది. చేసేశాను."

నేను ఫోన్ లాక్కున్నాను. "ఉన్నవన్నీ చెరిగిపోతాయని కూడా రాసుంటుంది కదా, చదవలేదా?"

"చదివాను. పాత మురికి ఏదో పోతుంది కాబోలు అనుకున్నా. కొత్త చోటికి వెళ్ళేటప్పుడు తడిపి ఆరెయ్యడమే కదా. నీళ్ళలో వేస్తే గంజి పోతుంది గానీ గుడ్డ పోతుందా?"

ఇక్కడ గుడ్డే పోయింది. కార్డులో ఉన్నవాటిని ముందు ఫోన్లోకి ఎక్కించుకుని, ఆ తర్వాత ఫార్మాట్ చేయాలి. ఆ మాట ముందే విడమరిచి చెప్పకుండా "నొక్కకు" అని హుకుం జారీ చేసి పోయిన నన్ను అనాలి. మొబైల్ రిపేరు అతను కార్డును కంప్యూటరుకు పెట్టి చూసి పెదవి విరిచాడు. ఒక్కటి కూడా మిగల్లేదన్నాడు. కొలతల ఫొటోలు పోతే మళ్ళీ టేపు పట్టుకోవచ్చు. పాట ఎక్కడి నుంచి తేవాలి?

పెద్దమ్మ ఏడవలేదు. మర్నాడు ఒక చొక్కాకు కుడి చెయ్యి ఎడమ వైపు కుట్టింది. ఆవిడ చేతిలో అలా జరగడం నేను ఎన్నడూ చూడలేదు.

"మీరు మళ్ళీ పాడితే ఏం పోతుంది పెదనాన్నా?" అని నిలదీశాను.

"పీడా విరగడైంది. ఎవరన్నా వింటే నవ్విపోతారు" అన్నాడాయన. ఇంట్లో ఆయన అంత పొడుగ్గా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

ఆదివారం వచ్చింది. పెదనాన్న నూనె డబ్బా పట్టుకుని మిషను దగ్గర కూర్చున్నాడు. పెద్దమ్మ పక్కన గుండీలు కుడుతూ తనే కూనిరాగం అందుకుంది. ఆవిడ గొంతు సంగతి చెప్పకపోవడమే మర్యాద.

"పాత వంతెన దిగేవాళ్ళు... పూల కొట్టు దాటితే... పిల్లల ఆసుపత్రి ఉందండి..."

పెదనాన్న చెయ్యి ఆగింది. "ముందు ఆసుపత్రి. తర్వాత పూల కొట్టు."

"అలాగా? పూల కొట్టు, గుండీల కొట్టు, అప్పుడు కదూ ఆసుపత్రి..."

"ఎక్కడి ఆసుపత్రి, ఎక్కడి గుండీల కొట్టు! బస్సు వెనక్కి పోతుందా?"

ప్రయాణికులు తిడితే ఓర్చుకుంటాడు గానీ, స్టాపుల వరస తప్పితే మాత్రం కండక్టరు ప్రాణం ఊరుకోదు. ఆయన మొదటి లైను సరిచేశాడు. రెండోది సరిచేశాడు. సరిచేస్తూ చేస్తూ ఎప్పుడు రాగంలోకి దిగాడో ఆయనకే తెలియదు. గుండీల కొట్టు దగ్గరికి వచ్చేసరికి నూనె డబ్బా మీద వేళ్ళతో తాళం కూడా వేస్తున్నాడు. చివర ఒక కొత్త లైను తగిలించాడు.

"గుండీల కొట్టు వచ్చినా ఆవిడ దిగనంటోందండి!"

పెద్దమ్మ ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. నేను కడుపు పట్టుకుని నవ్వుతూ కొత్త ఫోన్ ఆవిడ చేతిలో పెట్టాను.

"వీడియో తీసుకో, తీసుకో. ఇంకోసారి పాడిస్తాను."

ఆవిడ ఫోన్ను బోర్లా పెట్టేసింది.

"తియ్యను. ఫోన్లో ఉంటే ఈయన మళ్ళీ నోరు విప్పడు."

బస్సెక్కి ఇన్నేళ్ళు తిరిగిన మనిషికి స్టాపుల వరస తెలియదా అని తర్వాత వంటింట్లో గుచ్చి గుచ్చి అడిగాను. "పెద్దదాన్నయ్యాను కదే, మరుపు" అంది. ఆవిడ మరుపు నాకు తెలియనిది కాదు. పదేళ్ళ కిందటి గిరాకీ నడుం కొలత అడిగినా టక్కున చెబుతుంది.

సోమవారం పొద్దున పెదనాన్న యూనిఫాం వేసుకుని, భుజాన సంచి తగిలించుకుని బయల్దేరాడు. పెద్దమ్మ మిషను ముందు కూర్చుని ఉంది. దారం కొస చేతిలోనే ఉంది, మిషను సూది ఖాళీగా ఉంది.

"ఎక్కించలేదేం?" అన్నాడు.

"బోణీ కాలేదు" అంది.

పెదనాన్న గోడ గడియారం చూశాడు. నా వైపు చూశాడు. తర్వాత సంచి కిందకు దించి, గొంతు సవరించుకున్నాడు.