ఓనరమ్మ గేటు మీది ఏనుగు

పోయిన నెల ఒక మంగళవారం, పూజ ముగించి హారతి కళ్ళకద్దుకుంటుండగా బోరబండ నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, మా అత్తమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ అడిగింది. తెచ్చేవరకు పోయింది" అని కోడలు ఏడ్చింది. హారతి పళ్ళెం దగ్గరే కూర్చుండిపోయాను. తాను బాధపడకుండా, ఎవరినీ బాధపెట్టకుండా వెళ్ళిపోయిందన్న ఊరట కూడా ఆ దుఃఖంలోనే కలిసి ఉంది.

పోయినావిడ ఒకప్పటి మా ఇంటి ఓనరమ్మ. తొంభైల్లో, పెళ్ళయిన కొత్తలో, తణుకు దగ్గర మా ఊరి నుంచి వచ్చి బోరబండ గుట్ట మీద ఆమె ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. మొదటి రోజే "ఓనరమ్మగారూ" అని పిలిచాను. "గారు గీరు ఏంది? నీకు అత్త లేదంటివి గదా. అత్తమ్మ అను" అంది. అప్పటినుంచి అత్తమ్మే.

మావారిది రాజమండ్రి. పెళ్ళినాటికి వినాయకుడి బొమ్మలు, ఇళ్ళ సీలింగులకు ప్లాస్టర్ పువ్వులు చేసేవారు. పెళ్ళయ్యాక సినిమా సెట్లలో ప్లాస్టర్ పని దొరికిందని ఇక్కడికి వచ్చేశారు. మా నాన్నకు సినిమా అన్న మాటే గిట్టదు. అల్లుడు వచ్చి మా కిరాణా కొట్లో కూర్చోవాలని ఆయన పట్టు. నాకు ఏడో నెల వచ్చాక పురిటికి తీసుకెళ్ళడానికి అమ్మతో కలిసి వచ్చి, రైలు దిగుతూనే చెప్పేశారు. "పిల్లను తీసుకెళ్తున్నాం. అతను ఆ పని మానుకుని వచ్చేదాకా మళ్ళీ పంపేది లేదు."

మావారు తల వంచుకుని పనికి వెళ్ళిపోయారు. నేను కుళాయి దగ్గర బట్టలు జాడిస్తూ అత్తమ్మ ముందు ఏడ్చాను.

"ఏడ్వకు బిడ్డా. మనిషి కోపంగ ఉన్నప్పుడు ముందుగాల ఊరు జూపియ్యాలె. కాళ్లు నొస్తె కోపం అదే దిగుతది" అంది.

అలా అమ్మానాన్నలకు ఊరు చూపించే పని ఆమె మీద వేసుకుంది. ఆటో మాట్లాడి, "జర మెల్లగ పోనియ్ తమ్మీ, కడుపుతోటున్నది పిల్ల" అని గుంత గుంతకూ చెప్పేది. అసలు సంగతేమిటంటే ఆమె కూడా ఊరు చూడలేదు. చార్మినార్ కింద మా అమ్మకంటే ఎక్కువ నోరు తెరుచుకుని నిలబడింది. "ఏంది వదినె, గట్ల జూస్తవు? మా ఊరే గదా, ఎప్పుడన్న జూడొచ్చని ఎన్నడు జూడకపోతి" అంది అమ్మతో.

మర్నాడు జూబ్లీహిల్స్. అమ్మకు హీరోల ఇళ్ళు చూడాలని ఉంది కానీ నాన్న ముందు అనలేదు. అత్తమ్మ కనిపెట్టి, పెద్ద బంగ్లా ఒకటి చూపించి "గదే వదినె, పెద్ద హీరో ఇల్లు" అంది. అమ్మ ఆటో దిగి గేటుకు దణ్ణం పెట్టింది. లోపలినుంచి వాచ్‌మన్ వచ్చి, "పండ్ల డాక్టర్ సాబ్ ఇల్లమ్మా. దవాఖాన కిందికి పోవాలె" అన్నాడు.

"బాగుంది. ఎలాగూ వచ్చాం, నా పన్ను పీకించుకుని పోదాం" అన్నారు నాన్న, డ్రైవర్ పక్కనుంచి కదలకుండానే.

అత్తమ్మ తొణకలేదు. "హీరోలకు పండ్లుండయా అన్నా? నవ్వేది గా పండ్లతోనే గదా!"

నాన్న ముఖం అటు తిప్పుకున్నారు. భుజాలు మాత్రం కదిలాయి.

ఆ ఊపులో ఆమె, "ఫిల్మ్ నగర్ గుట్ట మీద కొత్త గుడి వడ్డది. నెల సంది బస్సులకెల్లి జూస్తున్న. పిల్ల మంచిగ కనాలని మొక్కుదాం" అంది. గుడి అనేసరికి నాన్న కూడా ఉత్సాహపడ్డారు. దారిలో కొబ్బరికాయ కొన్నాం. బండరాళ్ళ మధ్య తెల్లటి గుడి, మెట్లకు అటూ ఇటూ రెండు ఏనుగులు, లోపల నిలువెత్తు విష్ణుమూర్తి. ఎవరూ లేరు. "పూజారి భోజనానికి వెళ్ళుంటాడు" అని నాన్న తానే కాయ కొట్టి, మా గోత్రం, పేర్లు గట్టిగా చెప్పుకుని దణ్ణం పెట్టారు.

అమ్మ ప్రదక్షిణ మొదలుపెట్టింది. మలుపు తిరిగి ఆగిపోయింది. గుడికి వెనక గోడ లేదు! సరుగుడు కర్రలు, గోనెపట్టాలు, ప్లైవుడ్. ఆ నీడలో మావారు, ఇంకొందరు పనివాళ్ళు క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. మావారి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అల్లుడుగారూ, మీరా?" అంది అమ్మ.

ఆయన పని సంగతులు ఇంట్లో చెప్పే మనిషి కాదు. ఆ గుడి ఆయన చేతిదని నాకూ అప్పుడే తెలిసింది.

నాన్న ముఖం ఎర్రబడింది. "దేవుణ్ణి కూడా వదలరన్నమాట! నేను గోత్రం చెప్పుకుంది అట్టముక్కకా?"

ఇక ఈ ఊరికి, ఈయన దగ్గరికి నన్ను పంపరని తేలిపోయిందనుకున్నాను. అత్తమ్మ అడ్డం వచ్చింది.

"అన్నా, చవితికి మట్టి గణపతిని తెస్తవా?"

"తెస్తాను."

"గోత్రం జెప్తవా?"

"చెప్తాం. అయితే?"

"మల్ల నీళ్లల్ల కలుపుతవు గదా. నువ్వు జెప్పింది మట్టికా, దేవునికా?"

మావారు చెయ్యి కడుక్కుని వచ్చి, "షూటింగ్ నిన్నే అయిపోయింది మామయ్యగారూ. ఇప్పుడు విప్పేస్తాం. కాసేపు నీడలో కూర్చోండి" అన్నారు.

పనివాళ్ళందరూ చెప్పులు దూరంగా విడిచి వచ్చారు. మేస్త్రి కర్పూరం వెలిగించాడు. మావారు విగ్రహాన్ని రెండు చేతులా పట్టుకుని కొంచెం పక్కకు జరిపి, "స్వామీ, మా పని అయింది. చెయ్యి తగిలినా కాలు తగిలినా మన్నించి తమ చోటికి దయచెయ్యండి" అన్నారు. ఇంట్లో వ్రతం అయ్యాక మనం ఉద్వాసన చెప్పినట్టే. అంతదాకా ఎవరూ ఒక్క మేకు పీకలేదు. తర్వాత స్వామికి కొత్త గుడ్డ చుట్టి, నిమజ్జనానికి పక్కన పెట్టారు.

"ప్రతిసారీ ఇలాగే చేస్తావా?" అని అడిగారు నాన్న.

"దేవుడి బొమ్మ పెట్టినప్పుడల్లా అండీ. చెయ్యకపోతే నాకు అన్నం సహించదు."

నాన్న ఇందాక కొట్టిన కొబ్బరి చెక్కలు తీసి, రాతి మీద ముక్కలు చేసి, పనివాళ్ళ చేతుల్లో తలొకటి పెట్టారు. మావారి చేతిలో పెడుతూ "ప్రసాదం, తీసుకో" అన్నారు. నా గుండె మీది బండ అప్పుడు కదిలింది.

ఇంతలో అత్తమ్మ, "గా ఏనుగులను గూడ పలగ్గొడ్తరా? నాకొకటియ్యరాదు!" అంది. మేస్త్రి నవ్వి ఇచ్చేశాడు. లోపల డొల్లే అయినా మూడేళ్ళ పిల్లాడంత ఉంది. ఆటోలో చోటెక్కడ? చివరికి, సినిమా అన్న మాట గిట్టని మా నాన్న ఫిల్మ్ నగర్ నుంచి బోరబండ దాకా సినిమా ఏనుగును ఒళ్ళో పెట్టుకుని వచ్చారు. గుంత వచ్చినప్పుడల్లా "మెల్లగా, తొండం జాగ్రత్త!" అని అరిచారు.

మేం రైలుకు బయల్దేరుతుంటే అత్తమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "అన్నా, మా కోడలు పిల్లను మూడో నెల ఎల్లంగనే తోలుక రావాలె. మా కొడుకు ఒక్కడే ఉంటడు."

"నేనే తీసుకొస్తానమ్మా" అన్నారు నాన్న. ఆ రైల్లో నేను ఎంత హాయిగా నిద్రపోయానో ఇప్పటికీ గుర్తుంది. అన్నట్టే తీసుకొచ్చారు. కొట్టు మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత మేం వెంగళరావు నగర్‌కు మారినా రాకపోకలు మానలేదు. అత్తమ్మ ఆ ఏనుగును గేటు స్తంభం మీద పెట్టించి, శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టేది. ఏడాదికోసారి ఇంటికంటే ముందు దానికి సున్నం వేసేది. ఒక వానలో తొండం విరిగితే మావారు వెళ్ళి అతికించి వచ్చారు. సినిమాదా అని ఎవరైనా అడిగితే ఆమెకు కోపం. "సినిమాది గాదు. మా అన్న తెచ్చిండు" అనేది.

ఆమె పోయిన రోజు వెళ్ళినప్పుడు ఏనుగు నుదురు బోసిగా ఉంది. మైల కదా. దినం నాడు, మా దగ్గరే ఉంటున్న అమ్మానాన్నలను తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఇల్లు శుద్ధి చేశాక, కోడలు ఒక డబ్బాలో సున్నం కలుపుకుని స్టూలెక్కింది. ఇన్నేళ్ళ సున్నాలు పేరుకుని ఏనుగు మొదటికంటే గుండ్రంగా, బాగా ఒళ్ళు చేసినట్టుంది. అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని కింద నిలబడింది. గేటు పక్క కుర్చీలో కూర్చున్న మా నాన్న చేతికర్ర పైకెత్తారు.

"మెల్లగా అమ్మా, తొండం జాగ్రత్త."