సగంలో ఉన్న లెక్క

"తెల్లారి డ్యూటీ సైరన్ మోగే యాళ్లకు అన్న పానం పోయింది బిడ్డా, జల్ది రా" అని అమ్మ ఫోన్ చేసేసరికి నేను మందమర్రిలో పాఠాలు చెప్పే బడికి తయారవుతున్నాను. బడి మానేసి గోదావరిఖని బస్సెక్కాను. దారి పొడవునా ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

అన్నంటే మా పక్క క్వార్టరు అన్న. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, హైదరాబాదులో పరిశోధనకు చేరాడు. ప్రోటాన్ లోపల ఏముందో తేల్చడం ఆయన పని. అది సగంలో ఉండగా బొగ్గు బాయి పనికి వాళ్ల నాన్న ఇక పనికిరాడని డాక్టర్లు తేల్చేశారు. తండ్రి పని కొడుక్కిచ్చే వారసత్వ ఉద్యోగాలు ఆపేస్తారని అప్పుడు బజారంతా ఒకటే గోల. "రెండేండ్లు చేసి మళ్ల పోత అవ్వా, నా లెక్క యాడికి పోతది" అని వాళ్లమ్మకు చెప్పి అన్న బొగ్గు బాయిలోకి దిగాడు. మా దగ్గర అందరూ చేసే పొరపాటే ఇది. దిగి మళ్లీ చదువుకు పోయినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

షిఫ్టు దిగొచ్చాక మెట్ల మీద కూర్చుని నాకు ఇంటర్ పాఠాలు చెప్పేవాడు. కంటికి కనిపించని ప్రోటాన్ లోపల ఏముందో ఎట్ల తెలుస్తుందని ఒకరోజు అడిగాను. అన్న పక్కనే ఉన్న మా నాన్న వైపు తిరిగాడు.

"కాకా, బాయిల పైబండ మంచిగున్నదో లేదో నీకెట్ల తెలుస్తది?"

"ఏం అడుగుతవ్‌రా! కడ్డీతోటి కొడ్త. ఖంగుమంటే ఫికర్ లేదు. బోలుగ మోగిందా, ఎనుకకు ఉరుకుడే."

"గదే కాకా. మేం ఎలక్ట్రాన్‌తోటి కొడ్తం. అది ఎట్ల చెదిరిపోతదో చూస్తం. మెల్లగ కొడితే ప్రోటాన్ ఒక్క ముద్ద లెక్క ఉంటది. జోరుగ కొడితే లోపల క్వార్కులు తగుల్తయ్. ఇంక జోరుగ కొడితే, వాటిని పట్టి ఉంచే గ్లువాన్లు ఉసిళ్ల లెక్క ఉన్నయని తెలుస్తది."

"గవెన్ని ఉంటయ్?"

"గదే నా లెక్క కాకా. సగంల ఉన్నది."

ఆ మాట ఏళ్ల తరబడి అంటూనే ఉన్నాడు. బడిలో పిల్లలకు బల్ల మీద కొట్టి వినిపిస్తానే, అది అన్న నేర్పిందే. నేను తినే అన్నం ఆయన చదువే.

తెలంగాణ కోసం బాయిలన్నీ బందైన సమ్మె రోజుల్లో అన్నకు తీరిక దొరికింది. పెట్టెలోంచి పాత కాగితాలు తీశాడు. నేను వెళ్లేసరికి వాటిని ముందేసుకుని ఊరికే కూర్చున్నాడు.

"నేను రాసిందే చెల్లె. నాకే సమజైతలేదు."

అని నవ్వాడు. అట్లాంటి నవ్వు పగవాడి ముఖంలో కూడా చూడొద్దు. ఆ తర్వాత "సగంల ఉన్నది" అని ఎవరితోనూ అనలేదు.

పోయిన నెల అన్నను దవాఖానలో చూశాను. బొగ్గు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై, మాట మాటకూ ఆయాసం. డాక్టరు వీపు మీద ఒక వేలు ఆనించి, ఇంకో వేలితో కొట్టి చూస్తున్నాడు. అన్న తల వంచి శ్రద్ధగా విన్నాడు. కుడివైపు బోలుగా మోగింది. నాక్కూడా వినపడింది. డాక్టరు చీటీ మీద ఏదో రాసి వెళ్లిపోయాడు.

"విన్నవా? బండ గిట్ల మోగితే మేమేం చేస్తం?" అన్నాడు అన్న.

నాకు తెలుసు.

"మనుషుల్ని బయటికి పంపుతం. నువ్వు పో చెల్లె, బస్సు దొరకది."

నేను పోలేదు. మంచం పక్కనే కూర్చున్నాను. అన్న కళ్లు మూసుకుని, తన పక్కటెముకల మీద తనే వేలితో కొట్టుకుంటూ, ఆగి వింటూ, మళ్లీ కొట్టుకుంటూ ఉన్నాడు.