పిట్ట ముట్టని ముద్ద

ఒక మాట పన్నెండేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకే చెబుతున్నాను.

మాది శామీర్‌పేట. తొంభైల్లో మేడ్చల్‌లోని ఒక చిన్న దవాఖానాలో రక్తపరీక్షలు చేసేదాన్ని. మా అన్న లారీ డ్రైవరు. ఎయిడ్స్‌తో పోయాడు. వదినకు రెండుసార్లు పరీక్ష చేశాం. రెండుసార్లూ ఏమీ లేదనే వచ్చింది. నమ్మలేక డాక్టరు గారిని అడిగాను. అందరి ఒళ్లూ ఒక్కలా ఉండదమ్మా అన్నారాయన. కొందరి ఒంట్లోకి ఆ వైరస్ తేలిగ్గా దూరదట, అది వాళ్లకు పుట్టుకతో వచ్చిన గుణమట. కొందరు ఉత్త అదృష్టం కొద్దీ తప్పించుకుంటారట. ఈమె ఏ రకమో చెప్పలేం కానీ, కాపురం చేసిన భార్యకు సోకకపోవడం వింతేమీ కాదట. ఊళ్లో నానా మాటలూ అంటారు, ఇంట్లోవాళ్లకు నువ్వే చెప్పాలి అన్నారు.

చెప్పానా? లేదు.

అన్న పోయిన మూడో రోజు, ఆయనకు ఇష్టమైనవన్నీ వండి చెరువు కట్ట మీద పిట్టకు పెట్టాం. పిట్ట ముడితే పోయినవాళ్లకు తృప్తి అంటారు. కాకులు చెట్టు దిగలేదు. నీ బిడ్డను మంచిగా చూసుకుంటామని పెద్దలు మొక్కారు. అయినా దిగలేదు. వదిన ఆరేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. అప్పుడు అమ్మ లేచింది.

"పిట్ట ఎట్ల ముడ్తది? అది వాని బిడ్డయితే గద! కాపురం జేసినదానికి గా రోగం అంటకుంట ఉంటదా? నువ్వు దవాఖానల పనిజేస్తవ్ గద, చెప్పు బిడ్డా."

వదిన నా వైపు చూసింది. "నువ్వన్న చెప్పు. నీకెర్కే గద."

"ఏమోనమ్మా," అన్నాను. "గట్లయితదని నేనైతే ఎన్నడు ఇనలే."

అంతే. చివరికి ఆ ముద్ద ఆవుకు పెట్టి ఇంటికొచ్చాం. వదిన ఆ సాయంత్రమే పిల్లను తీసుకుని సూరారంలోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు.

ఎందుకలా అన్నాను? భయమా? కాదు. కుళ్లు. కళ్లముందే అన్న పుల్లలా ఎండిపోయి పోతే ఆమె మాత్రం నిక్షేపంగా మిగిలిందే అని ఓర్చుకోలేకపోయాను. కొడుకు మీది నింద కోడలి మీదకు మళ్లితే అమ్మకు కాస్త ఊరట కదా, నేను చేసింది అమ్మ కోసమే కదా అని ఏళ్ల తరబడి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అమ్మ కూడా పోయింది. అదే నమ్మకంతో పోయింది.

మొన్న సూరారంలో జాకెట్ గుడ్డ కోసం ఒక మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లాను. కౌంటర్ దగ్గర పద్దెనిమిదేళ్ల పిల్ల. ఎడమచేత్తో కొలిచి, ఎడమచేత్తోనే కత్తిరించింది. మా అన్నదీ పుర్రచెయ్యే. ఆ నుదురు, నవ్వితే ఒక పక్కకే పోయే మూతి, అన్నీ అన్నవే. లోపల మిషన్ కుడుతున్న వదిన తల ఎత్తలేదు. ఎత్తకూడదనే కోరుకున్నాను, సిగ్గులేనిదాన్ని.

"ఇంకేం గావాలె ఆంటీ?" అంది పిల్ల.

ఏమీ వద్దని వచ్చేశాను. నేను దానికి ఆంటీని కాను, మేనత్తను. మీతో చెప్పినందుకు ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది, అంతకు మించి ఏమీ మారలేదు. అది మా అన్న బిడ్డే. ఆ రోజు కట్ట మీద కూడా నాకు తెలుసు.