మూడో బెంచీ అనుమానం

పదో తరగతిలో మూడో బెంచీ పిల్ల ఏ పాఠాన్నీ ఊరికే నమ్మదు. కనుబొమలు ముడిచి, పెన్సిల్ కొరుకుతూ, చెప్పేవాళ్ల ముఖాలే చూస్తుంది. ఒక సబ్జెక్టులో విన్నది ఇంకోదాంట్లో సరిచూసుకుంటేగాని ఆమెకు మనసు కుదుటపడదు. నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయని నిన్న సైన్సు మాస్టారు చెప్పారు. కొండల మీద అంతకంటే ముందే మరుగుతాయని ఇవాళ భూగోళం టీచరు అన్నారు. చివరి పీరియడ్‌కి మాస్టారు రాగానే ఆమె లేచి ఆ మాట చెప్పి, “మీ ఇద్దరిలో ఎవరిది అబద్ధమండీ?” అని అడిగేసింది. తరగతి గొల్లుమంది.

ఆయన సుద్దముక్క కింద పెట్టారు. “ఇద్దరిదీ నిజమే తల్లీ. నేనే సగం చెప్పి ఊరుకున్నాను. తప్పు నాదే.” వెటకారమేమోనని ఆమె ఆయన ముఖమంతా వెతికింది. ఎక్కడా కనబడలేదు. “అయితే ఆ మిగతా సగం చెప్పండి” అంటూ కూర్చుంది. ఇంటి గంట కొట్టినా ఆయన కదల్లేదు. ఇందాక నవ్వినవాళ్లూ కదల్లేదు.