కొసరు తాగిన కారు

ఒక పెళ్లిని కాలవగట్టు మీద ఎలా ఆపాలో తెలుసుకోవాలని ఎవరికైనా సరదాగా ఉంటే ఇలా దగ్గరికి జరగండి. పెద్ద సామగ్రి అక్కర్లేదు. ఒక పాత ఆటోమేటిక్ కారు, సీసాలో మిగిలిన కాస్త ఆయిలు, నాలాంటి తెలివైనవాడు ఒకడు ఉంటే చాలు. గుండె దడ ఉన్నవాళ్లు మాత్రం మంచినీళ్లు పక్కన పెట్టుకుని చదవండి.

మాది తణుకులో కిరాణా కొట్టు. మా ఇంట్లో పిల్లలకి అక్షరాల కంటే ముందు బేరం వస్తుంది, బేరం కంటే ముందు కొసరు వస్తుంది. తూకం అయ్యాక పైన ఆ చారెడు పప్పు పడకపోతే సరుకు కొన్నట్టే కాదు మాకు. ఇంజెక్షన్ చేయించుకుని, చెయ్యి రుద్దుకుంటూనే “టానిక్ శాంపిల్ ఏదైనా ఉందాండీ?” అని డాక్టరుగారిని అడిగిన రకం నేను.

అలాంటి నేను కొన్నేళ్ల కిందట ఒక పాత ఆటోమేటిక్ కారు కొన్నాను. అమ్మినాయన నా బేరం భరించలేక “తీసుకుపోండి బాబూ” అంటే, అదే ఊపులో వెనక సీటు మీద దిండ్లు కూడా లాక్కొచ్చాను. ఆయన అంత తేలిగ్గా ఎందుకు లొంగాడో వారంలో తెలిసింది. గేరు లీవరు ‘డి’లోకి, అంటే ముందుకెళ్లే గేరులోకి లాగితే ఇంజను గొంతు చించుకుంటుంది గానీ కారు కదలదు. పరీక్షల రోజు నిద్రలేపిన కుర్రాడిలా కాసేపు ఆలోచించి, ఉన్నట్టుండి తన్నుకుని లేస్తుంది.

సరిగ్గా అప్పుడే మా బాబాయి కూతురు సౌజన్య పెళ్లి కుదిరింది. మండపం పెనుగొండలో, ముహూర్తం పగలు పదకొండింటికి. “పెళ్లికూతురికి అద్దె కారు ఎందుకు బాబాయ్? నా కారు లేదూ!” అని నలుగురిలో అనేశాను. అనేశాక కారు గుర్తొచ్చింది.

పెళ్లికి ముందురోజు దాన్ని అబ్బులు షెడ్డుకి తోలాను. అబ్బులు గల్ఫ్‌లో ఇలాంటి బళ్లు బాగుచేసి వచ్చాడు. ఆ సంగతి ప్రతి నట్టు విప్పేటప్పుడూ చెబుతాడు. గేర్‌బాక్సులో ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్ లాగి, కొసన అంటిన ఆయిల్ని వాసన చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“శేషుగారూ, ఇది ఆయిలా, మాడిన పులుసాండీ?”

“గేర్‌బాక్సు పోయిందంటావా?”

“పోలేదండి. ఆయిల్ మాడి ప్రెషర్ తగ్గింది. ఆయిలూ ఫిల్టరూ మారిస్తే దార్లో పడుద్ది. మా గల్ఫ్‌లో అయితే...”

గల్ఫ్ కథ పూర్తయ్యేసరికి పనీ పూర్తయింది. ఎర్రటి కొత్త ఆయిల్ పోసి, బండి ఒక రౌండు తిప్పి వేడెక్కించి, ఇంజను ఆన్‌లోనే ఉంచి డిప్‌స్టిక్ చూపించాడు. “ఈ రెండు గీతల మధ్యే ఉండాలండి. తక్కువా కూడదు, ఎక్కువా కూడదు.”

నా కళ్లు గీతల మీద లేవు. బల్ల మీద సీసాలో ఇంకా సగానికి పైగా ఆయిల్ మిగిలి ఉంది.

“అది కూడా పొయ్యి.”

“వద్దండి. ఇది కొలతండి.”

“కొలత అయ్యాకే కదా అబ్బులూ కొసరు!”

“కొసరేంటండీ బాబూ! ఇది గేర్‌బాక్సు, పప్పు డబ్బా కాదు” అంటూ టీ తాగడానికి వెళ్లాడు.

అతనటు వెళ్లగానే నేను గరాటు అందుకున్నాను. ఒక్క చుక్క కింద పడకుండా మొత్తం వంపేసి, ఖాళీ సీసా కూడా కారులో పడేసుకున్నాను. గరాటుతో నూనె పోయడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య కదా. ఇంటికి వెళ్తుంటే కారు వెన్నలా సాగింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున్న బంధువుల కార్లన్నీ మెయిన్ రోడ్డు పట్టాయి. నేను మాత్రం పెట్రోలు కలిసొస్తుందని కాలవగట్టు రోడ్డెక్కాను. వెనక సీట్లో బాసికంతో సౌజన్య, పక్కన వాళ్లమ్మ, అంటే మా పిన్ని. సగం దూరం బాగానే వెళ్లాం. కాలవ మీద మిట్టగా ఉన్న వంతెన ఎక్కుతుండగా ఇంజను ఒక్కసారి అరిచింది. నేను యాక్సిలరేటర్ తొక్కాను. అది మరింత అరిచింది. కారు మాత్రం మెల్లగా వెనక్కి, కాలవ వైపు ఓరగా జారడం మొదలుపెట్టింది.

“శేషూ, వెనక్కెళ్తున్నాం రా!”

“తెలుసు పిన్నీ!”

“వెనకాల కాలవుంది రా!”

బ్రేకు మీద నిలబడ్డాను. గట్టు అంచుకి మూరెడు దూరంలో కారు ఆగింది. వెనక వడ్ల బస్తాల ట్రాక్టరు హారన్. సౌజన్య పూలజడ ముందుకి వేసుకుని, ఏ భావమూ లేని గొంతుతో “అన్నయ్యా, పదింబావయింది” అంది. తిట్టినా బావుండేది.

మండపానికి ఫోన్ చేశాం. సన్నాయి మేళం హోరులో ఒక్కరూ ఎత్తలేదు. అంతలో దేవుడు పంపినట్టు ఖాళీ ఆటో వచ్చింది. అతను రేటు చెప్పాడు. పాఠకులారా, నన్ను క్షమించండి. నా నోరు నా మాట వినలేదు. “ఇంతే కదా దూరం, అంత అడుగుతావేంటి?” అంది. ఆటో వెళ్లిపోయింది.

పిన్ని నన్ను చూసిన చూపుకి కాలవలో నీళ్లు మరిగి ఉంటాయి. “ముహూర్తం తప్పితే మీ బాబాయి కాదు, నేను చంపుతా నిన్ను.”

అబ్బులుకి ఫోన్ చేశాను.

“డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ ఎక్కడి దాకా ఉంది?”

“గీతలు కనపడట్లేదు.”

“తగ్గిపోయిందా?”

“మునిగిపోయాయి. పైనంతా నురగ.”

ఈసారి గల్ఫ్ కథ లేదు.

“మిగిలింది పోసేశారాండీ?”

“...కొంచెం.”

“సీసా ఏదాని నిన్న షెడ్డంతా వెతికానండి! ఎక్కువైతే లోపల గేర్లు దాన్ని మజ్జిగలా చిలుకుతాయి. నురగంటే గాలే కదండీ, గాలి దేన్ని పట్టుకుంటుంది? సరే, రివర్స్ వేసి చూడండి. దాంట్లో ప్రెషర్ ఎక్కువుంటుంది.”

వేశాను. పట్టింది! కారు వెనక్కి నిక్షేపంగా లాగింది, కాలవకేసి. మళ్లీ బ్రేకు.

ట్రాక్టరు వాళ్లు దిగొచ్చారు. “ఏంటండి, పెళ్లికూతురితో ఈతకొచ్చారా?” అంటూనే భుజాలు పెట్టి నెట్టి, కారు ముక్కు తణుకు వైపు, వీపు పెనుగొండ వైపు వచ్చేలా తిప్పారు. అలా రివర్స్‌లోనే వంతెన ఎక్కాం, దిగాం. మెడ వెనక్కి తిప్పి నేను, “ఎడమకి! కుడికి! గేదె! గేదె రా!” అని పిన్ని, టైము చూస్తూ సౌజన్య. మధ్యలో ఒకచోట ఆపి, ఇంజను చల్లబడేదాకా పిన్ని తిట్లు విన్నాను. మళ్లీ బయల్దేరాం. దారి పొడుగునా జనం మాకు నమస్కారాలు పెట్టారు. ఎందుకో నాకు తెలీదు.

మండపం ముందు వియ్యాలవారు వరసగా నిలబడి ఉన్నారు. పురోహితుడు వీధి గుమ్మం దాకా వచ్చేశాడు. వాళ్లందరి ముందుకీ మా కారు పిరుదులు ముందు పెట్టుకుని వచ్చి ఆగింది. మేళం ఆగిపోయింది. ముహూర్తానికి ఇంకా కాస్త టైముంది.

పెళ్లికొడుకు తండ్రి దగ్గరికొచ్చాడు. “ఏంటండీ ఇది?”

పిన్ని చీర సర్దుకుంటూ దిగింది. “మా ఇంటి ఆనవాయితీ అండి అన్నయ్యగారూ. పిల్ల కడదాకా పుట్టింటి వైపే మొహం పెట్టుకుని రావాలి.”

ఆయన ఒక్క క్షణం చూశాడు. కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. “ఎంత మంచి ఆచారం పెట్టారండి మీ పెద్దలు!” మేళం మళ్లీ అందుకుంది.

మర్నాడు అబ్బులు ఎక్కువైన ఆయిల్ లాగేసి, మంచినీళ్ల సీసాలో పోసి నా చేతికిచ్చాడు. “మీ కొసరండి.” దానికి దణ్ణం పెట్టి పుచ్చుకున్నాను. కారు మళ్లీ దార్లో పడింది.

ఏళ్లు గడిచాయి, నేనూ ఇక మర్చిపోవచ్చనుకున్నాను. మొన్న సౌజన్య మామగారు ఫోన్ చేశారు. “మా అమ్మాయి పెళ్లి కుదిరిందండి శేషుగారూ. మీ ఆనవాయితీ మా ఇంటిల్లిపాదికీ నచ్చింది. ఆ కారే కావాలి, మీరే తోలాలి. వెనక్కే!”

అందుకే పెనుగొండ అమ్మవారి సాక్షిగా, కుడిచెయ్యి డిప్‌స్టిక్ మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. రెండు గీతలున్న ఏ వస్తువుకీ ఈ జన్మలో కొసరు అడగను. కూరల కొట్లో కరివేపాకుకి మాత్రం కొలత గీతలు ఉండవని మనవి.