బాపు సొరంగం అనుకున్నది

చిన్నప్పుడు మా ఇంట్లో ఒక సొరంగం కథ ఉండేది. దుబాయ్ అవతల రాస్ అల్ ఖైమాలోని రాళ్ల క్వారీ నుంచి ఫోన్ చేసినప్పుడు బాపు చెప్పేవాడు. ఆయన రూంలో ఉండే పఠాన్ డ్రైవర్ ఊళ్లో, కొండ కింద సొరంగం ఉందట. గడ్డి కోయడానికి పోయిన డ్రైవర్ అన్న మళ్లీ రాలేదట. ఆయన ఇంకా లోపల నడుస్తూనే ఉంటాడని నేనూ తమ్ముడూ నమ్మేవాళ్లం. బావిలోకి తొంగిచూసి పిలిచేవాళ్లం కూడా.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. కరోనా తగ్గాక దుబాయ్‌లోనే ఉద్యోగం వచ్చింది. ఆ సంబరం ఇంకా దిగలేదు. యుద్ధాలు ముగిసిన చోట్ల మందుపాతరలు ఏ ఊళ్లో ముందు తీయాలో తేల్చే ఆఫీసు మాది. భూమిలో ఎన్ని ఉన్నాయని అడగం. వాటివల్ల మీకు ఏం ఆగిపోయింది, పొలమా, బడి దారా, నీళ్లా, కాలు పోయినవాళ్లకు ఏం సాయం కావాలి అని ఊరివాళ్లను అడుగుతాం. ఆ జవాబులను బట్టే వరస.

ట్రైనింగ్‌లో ఉర్దూ ప్రశ్నలు చదువుతుంటే, మందుపాతర అనాల్సిన చోట 'బారూదీ సురంగ్' అని ఉంది. సురంగ్. ఉర్దూలో సొరంగానికీ అదే మాట. పట్టపగలు, అంతమంది మధ్య, నా వెనక ఎవరో నడుస్తున్నట్టు అనిపించింది.

సెలవు రోజు బాపు ఉండే లేబర్ క్యాంపుకు పోయి ఆయనకు చెప్పాను. నక్సలైట్ల కాలంలో మా జిల్లాలో పెరిగినవాడికి మందుపాతర అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

"సొరంగమే అనుకున్న బిడ్డా. అండ్ల బంగారం ఉందా భాయ్, పోయి తవ్వుకుందామా అని ఎన్నిసార్లు ఎక్కిరిచ్చిననో. నవ్వి ఊకుంటుండె."

అంతలో డ్రైవర్ చాచా చాయ్ తెచ్చాడు. ఆయన వీసా ఖలాస్ అయింది, ఇక తన ఊరికి పోతున్నాడు. ఇంటి వెనకే ఊట ఉందనీ, దాని చుట్టూ మందుపాతరలేననీ, అన్న పోయింది అక్కడేననీ చెప్పాడు. భార్యా కూతురూ నీళ్లకోసం కొండ దిగి ఏటిదాకా పోతారట.

"బేటీ, ఆ పానీ ఒక్కటి ఇప్పించు. బస్, ఇంకేం వద్దు," అన్నాడు, బాపు దగ్గర నేర్చుకున్న తెలుగులో.

ఆ ఊరు మా సర్వేలో ఉంది. మా సార్‌ని అడిగి, చాచాను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల అమ్మకు ఫోన్ చేశాను. ఆమె మాటలు ఆయన తెలుగులో చెప్పాడు. దారుల్లో ప్రమాదం ఉందా? లేదంది. పొలాల్లో? లేదు. నీళ్ల దగ్గర? ఏటి దగ్గర ఏ భయమూ లేదు, అంతా బాగుంది. ఇదే జవాబు పంపితే ఆ ఊరు వరసలో అడుక్కి పోతుంది.

తర్వాతి ప్రశ్న కోసం కాగితం తిప్పాను. అప్పుడు వినిపించింది. ఆమె వెనక, చాలా దగ్గరగా, నీళ్లు పారుతున్న చప్పుడు.

"ఆ చప్పుడు ఏంది చాచా? అమ్మను అడుగు."

అడిగాడు. "ఏ చప్పుడు?" అందట.

తర్వాత ఆయన తన భాషలో అన్న పేరు ఎత్తాడు. అది మాత్రం నాకు అర్థమైంది. ఆమె గొంతు బాగా తగ్గించి చెప్పింది. ఊళ్లో ఎవరూ ఆ ఊట పేరు ఎత్తరట. ఎత్తితే పిల్లలు అటు చూస్తారట. చూస్తే నడుస్తారట. అందుకే అక్కడ ఊట లేదని పిల్లలకు చెప్పి పెంచారు. చప్పుడు గాలిదని చెప్పారు. చెప్పి చెప్పి పెద్దవాళ్లకూ అది గాలే అయిపోయింది.

అంతా రాసి పంపాను. ఇవాళ పొద్దున వరస వచ్చింది. మొదట తీసే చోట్లలో ఆ ఊట ఉంది. బాపుకు చెప్పి, ఆగలేక వెంటనే, ఊరు చేరిన చాచాకు ఫోన్ చేశాను. పరీక్ష పాసైనప్పుడు వాడంతా వినబడేలా అరిచినదాన్ని, ఇప్పుడూ అట్లాగే మొదలుపెట్టాను.

"ధీరే, బేటీ," అన్నాడు. "పిల్లలు ఇక్కడే ఉన్నరు. మీవాళ్లు వచ్చి మందుపాతరలు తీసేదాకా ఊట మాట వద్దు."

ఆఫీసు వరండాలో గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నా జీవితంలోకెల్లా పెద్ద కబురు మళ్లీ మొదటినుంచి గుసగుసగా చెప్పాను.